వాల్టర్ స్లీ అర్జీ

పంతొమ్మిదో పెట్టె మూత రాలేదు. ఐవీ థక్‌రే దాన్ని కుర్చీ కాళ్ల మధ్య ఇరికించి రెండు చేతులా లాగింది. తుప్పు గీరుకున్న చప్పుడైందే తప్ప మూత కదల్లేదు. గోనెసంచి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ క్లెమ్ నవ్వాడు.

"దానికి నీ మీద అలక, ఐవీ. ముప్పైమూడేళ్లు ఈ గదిలో టైపు కొట్టావు. ఒక్కనాడన్నా దాన్ని పలకరించావా?"

"పలకరింపులు తర్వాత. నీ జేబులో స్క్రూడ్రైవరుంది, ఇటియ్యి."

క్లెమ్ ఎల్డర్‌బెక్ మిల్లులో బాయిలరు మనిషి. మిల్లు మార్చిలో మూతపడింది. మగ్గాలన్నీ లారీలెక్కి వెళ్లిపోయాయి. ఇప్పుడు నవంబరు. కిందున్న బాయిలరుకి మిగిలిన పని, వారంరోజులుగా ఐవీ పైనుంచి పంపే కాగితాల్ని కాల్చడం. "యాభై టన్నుల బొగ్గు మింగిన పొయ్యికి ఈ ప్రేమలేఖలు ఏం ఆనతాయి?" అని రోజుకోసారి అనేవాడు.

నిజానికి వాటిలో ప్రేమలేఖలు తక్కువ. ఐవీకి మిల్లు యజమానుల ఇంటి ఓవెన్ వింటర్‌బర్న్ ఇచ్చిన కాగితం మీద రెండే వరసలున్నాయి. వ్యాపారం అయితే ఉంచాలి, కుటుంబం అయితే తీసెయ్యాలి. ఉంచినవాటిని శుక్రవారం జిల్లా రికార్డు ఆఫీసు వాళ్లు వ్యాన్‌లో తీసుకెళ్తారు. కాగితం మీద ఆ రెండు వరసలూ చాలా సులువుగా ఉన్నాయి. పెట్టె తెరిచాకే కష్టమంతా. వింటర్‌బర్న్‌లు క్వేకర్లు, యుద్ధం పాపమని నమ్మే క్రైస్తవ శాఖవాళ్లు. మూడు తరాల నుంచీ ఉన్ని అమ్ముకున్నారు, మూడు తరాల నుంచీ మనస్సాక్షిని తవ్వుకున్నారు, రెండూ ఒకే ఉత్తరంలో చేశారు. మొదటి పేరాలో ఉన్ని నాణ్యత. రెండో పేరాలో చిన్నపిల్లకి దగ్గు. మూడో పేరాలో సైన్యానికి దుప్పట్లు నెయ్యడం దేవుడి ఎదుట తప్పో కాదో అన్న మథనం. నాలుగో పేరాలో మళ్లీ ఉన్ని.

"కత్తెర పెట్టి సగానికి కోసి సగం సంచిలో వెయ్యనా?" అని సోమవారం ఓవెన్‌నే అడిగింది.

"మీ విచక్షణ ఉపయోగించండి, మిస్ థక్‌రే" అన్నాడతను. ఆ సాయంత్రం వచ్చి ఆమె విచక్షణతో ఉంచినవాటిలో మూడో వంతు తీసి సంచిలో పడేశాడు.

స్క్రూడ్రైవరుతో నాలుగు మూలలా తిప్పితే మూత లేచింది. పైన పొడిపొడిగా రాలిన లక్క, దాని కింద నూలు దారంతో కట్టిన కట్టలు. దారం ముడి గోటికి చిక్కలేదు, పళ్లతో లాగింది. అన్నిటికన్నా అడుగున, పల్చటి కాగితాల నకలు పుస్తకం. బయటికి పంపిన ప్రతి ఉత్తరాన్నీ తడి కాగితం మీద అద్ది దాచుకునే పాత పద్ధతి. 1916 అని వీపు మీద రాసుంది.

మార్చి నెల దగ్గర ఒక పేజీకి గుండుసూది గుచ్చి ఉంది. సూది తుప్పుపట్టి కాగితంలో కరిగిపోయినట్టుంది. దానికి వేలాడుతున్నది నీలిగీతల కాగితం, నాలుగు మడతలు. చాలాసార్లు చిత్తు రాసుకుని చివరికి ఎత్తిరాసిన దస్తూరీ. కింది మూల బొటనవేలి ముద్ర, నీలిమందు రంగులో.

ఐవీ నిలబడే చదివింది.

"జోసియా వింటర్‌బర్న్‌కి. నీ రంగుల షెడ్డులో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. మనిషిని చంపడానికి నా మనసు ఒప్పుకోదు. ఈ సంగతి నీకు కొత్త కాదు, నేను మీ మందిరంలో వెనక బల్ల మీద కూచునేవాణ్ణే. వచ్చే మంగళవారం సైన్యంలో చేరడం నుంచి మినహాయింపులిచ్చే సంఘం ముందుకి పిలిచారు. నేను లేకపోతే షెడ్డు నడవదని నువ్వొక ముక్క రాసిస్తే వాళ్లు వింటారట. అలా రాయడం అబద్ధం కాదు. నీ కొడుకు ఎడ్మండ్ కోసం రాస్తున్నావని విన్నాను, మంచిదే. ఇద్దరికీ రాయమని అడుగుతున్నాను. వాల్టర్ స్లీ."

వెనక పెన్సిలుతో ఒకే వాక్యం, జోసియా చేత్తో. "ఒకరికే రాయగలను."

గుండుసూది కిందున్న నకలు పేజీ అదే వారంలోది, మినహాయింపుల సంఘానికి. నా కుమారుడు ఎడ్మండ్ రంగుల షెడ్డు నిర్వహణకు తప్పనిసరి మనిషి. ఐవీ కట్టల్లో వెనక్కి వెళ్లింది. అదే ఏడు జనవరిలో ఎడ్మండ్ ఎడిన్‌బరో కాలేజీ నుంచి అక్కకి రాసిన ఉత్తరం అక్కడే ఉంది. అందులో నాచుమొక్కల బొమ్మలు, పరీక్షల బెంగ. షెడ్డు వాసన తలుచుకుంటేనే కడుపులో తిప్పుతుందని ఒక నవ్వు మాట.

ఆమె కూర్చుంది.

వాల్టర్ స్లీ పేరు తెలియనివాళ్లు ఎల్డర్‌బెక్‌లో లేరు. అడగనివాడు అని ఆ పేరుకి అర్థం. జోసియా చెయ్యి చాచినా పట్టుకోని పొగరుబోతు, సైన్యంలో చేరనని పెళ్లాంబిడ్డల్ని వీధిలో పెట్టి జైలుకి పోయినవాడు, ఊపిరితిత్తులు పాడై తిరిగొచ్చి ఏడాదికే పోయినవాడు. అతని కూతురు నెల్లీ ఈ మిల్లులోనే ఉత్తర దిక్కు కిటికీల వరసలో కూచుని నలభై ఒక్కేళ్లు బట్టలో ముడులు ఏరింది. 1951లో మిల్లుకి నూరేళ్లు నిండినప్పుడు వేసిన పుస్తకంలో ఒక వాక్యం ఉంది. "ఆ కష్టకాలంలో అడిగిన ప్రతి మనిషికీ సంస్థ అండగా నిలిచింది." అది టైపు చేసింది ఐవీయే. 'నిలిచింది' దగ్గర తప్పుపడితే పేజీ మొత్తం మూడుసార్లు కొట్టింది.

"సంచి నిండిందా?" అన్నాడు క్లెమ్.

"లేదు. నువ్వెళ్లి టీ తాగిరా."

మధ్యాహ్నం ఓవెన్ వచ్చాడు. నలభయ్యారేళ్ల మనిషి, ఎప్పుడూ కారు ఆపకుండా వచ్చినట్టుంటాడు. అర్జీని కిటికీ వెలుతురులో పట్టుకుని చదివాడు. నకలు పేజీ కూడా చదివాడు. అతని మెడ దగ్గర చర్మం కాస్త ఎర్రబడింది.

"కుటుంబం" అన్నాడు.

"పనివాడు యజమానికి రాసిన అర్జీ. వ్యాపారం."

"మా నాన్న పేరుంది. కుటుంబం."

"రంగుల షెడ్డు పేరు కూడా ఉంది, ఓవెన్ గారూ."

అతను కాగితాన్ని దాని పాత మడతల్లోనే మడిచాడు, జాగ్రత్తగా. "మిస్ థక్‌రే, మా నాన్న మీకు తెలుసు. ఈగ వాలితే తోలేవాడు, కొట్టేవాడు కాదు. ఆ షెడ్డులో నలభయ్యేళ్లు ఉన్నాడు. ఆ వాసనకి రోజూ వాంతులయ్యేవి. ఇంతకన్నా ఏం కావాలి మీకు? జిల్లా ఆఫీసులో ఎవడో కుర్రాడు దీన్ని తీసి పుస్తకం రాయాలా?"

ఎడ్మండ్ ఐవీకి నిజంగానే తెలుసు. మంచివాడే. అందుకే చిరాకు ఇంకా పెరిగింది. చెడ్డవాడైతే పని సులువయ్యేది.

"వాల్టర్ అడగలేదని ఊరంతా అనుకుంటోంది" అంది.

"ఊరు చాలా అనుకుంటుంది. సంచిలో వేసెయ్యండి. మీరే వెయ్యండి, మీ మీద నాకు నమ్మకముంది."

అతను వెళ్లాక ఆమె అర్జీని మళ్లీ నకలు పుస్తకంలో పెట్టింది, పుస్తకాన్ని పెట్టెలో పెట్టింది. మూత నొక్కితే ఈసారి తేలిగ్గా పడింది. దాని మీద కూచుని, సాయంత్రం దాకా ఇరవయ్యో పెట్టె విప్పింది.

బుధవారం పొద్దున్నే ఆమె వంతెన దగ్గరి టెలిఫోను డబ్బాలోకి వెళ్లింది. మిల్లు ఫోను ఏప్రిల్లోనే తీసేశారు. బయట వాన, లోపల సిగరెట్టు వాసన. రికార్డు ఆఫీసులో మిస్ కెర్‌ఫుట్ అనే అమ్మాయి పలికింది. గొంతు వింటే పాతికేళ్లు కూడా ఉండవు.

"యజమాని ఇచ్చినవే మేం తీసుకోగలమండీ. ఏది ఇవ్వాలో మేం చెప్పకూడదు."

"చరిత్రకి పనికొచ్చే కాగితాన్ని పొయ్యిలో పెడుతుంటే కూడా చెప్పకూడదా?"

"బాధపడొచ్చు" అంది ఆ అమ్మాయి. "రోజూ అదే చేస్తాం. ఇంతకీ అప్పగింత ఫారం మీద సంతకం ఆవిడదేగా?"

"ఎవరిది?"

"డెబొరా వింటర్‌బర్న్. మా దగ్గర ఆవిడ పేరే ఉంది. సంస్థలో మిగిలిన భాగస్వామి ఆవిడొక్కరే. ఓవెన్ గారిది జీతం మీద మేనేజరు ఉద్యోగం కదా. ఆవిడ సంతకం తెచ్చిపెడతానన్నారు..."

నాణేలు అయిపోయి లైను తెగింది. ఐవీ చేతిసంచి అంతా తడిమింది. బటన్లు, దగ్గు బిళ్లలు. బయట నిలబడ్డ ఆవిడ గొడుగు మొనతో అద్దం మీద కొట్టింది.

ఆ సాయంత్రం దీపాలు పెట్టేవేళకి ఆమె టెంటర్ రో వీధిలో ఏడో నంబరు ఇంటి తలుపు తట్టింది. నెల్లీ స్లీ పిండి చేతులతో తలుపు తీసింది. లోపల్నుంచి అల్లం కేకు కాలుతున్న వాసన.

"ఏమైంది? ఎవరు పోయారు?" అంది నెల్లీ.

"ఎవరూ పోలేదు. మీ నాన్న కాగితం ఒకటి దొరికింది. పెట్టెల్లో. నెల్లీ, ఆయన అడిగాడు. జోసియాని అడిగాడు. రాతపూర్వకంగా."

నెల్లీ తలుపు చెక్కకి ఆనుకుంది. ఆమె ముఖంలో సంతోషం కోసం ఐవీ వెతికింది. కనపడలేదు.

"నాకు చెప్తున్నావా అడిగాడని? మా అమ్మ చెప్పింది. పోయేదాకా చెప్తూనే ఉంది. మా తలుపు మీద తెల్లరంగుతో 'పిరికిపంద' అని రాస్తే నేనూ అమ్మా రాయితో గీకాం, నాకప్పుడు ఏడేళ్లు. గీకుతూ కూడా చెప్పింది, మీ నాన్న అడిగాడే అని. మరి నువ్వు కొట్టిన పుస్తకంలో ఇంకోలా ఉంది కదా? అందరికీ ఒక్కో ప్రతి పంచారు. నాకూ ఇచ్చారు, రిబ్బను కట్టి."

"నాకప్పుడు తెలీదు."

"నువ్వు అడిగావా?"

వాన చూరు మీంచి ఐవీ మెడలోకి కారుతోంది. ఆమె పక్కకి జరగలేదు.

"కాగితం తెచ్చావా?" అంది నెల్లీ.

"లేదు. పెట్టెలో భద్రంగా ఉంది. దాన్ని రికార్డు ఆఫీసుకి చేర్చాలని..."

"తేలేదు."

"అది అలా పట్టుకుని తిరిగే..."

"అయితే ఎందుకొచ్చావ్ ఐవీ? నాకు తెలిసిన సంగతి నాకు చెప్పి, నీ గుండె బరువు దింపుకుందామనా? నా కేకు మాడుతోంది." తలుపు వేసేసింది. గట్టిగా కూడా వెయ్యలేదు. అది ఇంకా కష్టంగా తోచింది.

గురువారం ఐవీ మిల్లుకి వెళ్లి, అర్జీని అట్టల మధ్య పెట్టి, పైన మైనపు గుడ్డ చుట్టి, కొండ మీది వింటర్‌బర్న్ ఇంటికి నడిచింది. దొంగతనం అనే మాట దారంతా కాళ్లకి అడ్డం పడుతూనే ఉంది. జోసియా కూతురు డెబొరా వింటర్‌బర్న్‌కి ఎనభై నాలుగేళ్లు. పనిమనిషి ఉన్నా తలుపు తనే తీస్తుంది. క్వేకర్ల పాత పద్ధతిలో రాజునైనా బంటునైనా నువ్వనే పిలుస్తుంది, తననీ అలాగే పిలవాలంటుంది. ఐవీ నోరు ముప్పైమూడేళ్లలో ఒక్కసారీ దానికి తిరగలేదు.

"రా ఐవీ. ఈ ఉన్ని పట్టుకో" అంది ముసలావిడ. ఐవీ రెండు చేతులూ చాపి కూచుంటే ఆవిడ వాటి మీది ఊదారంగు ఉన్నిని ఉండగా చుట్టడం మొదలుపెట్టింది. చేతులు కట్టేసినట్టయ్యాయి కాబట్టి ఐవీ నోటితోనే అంతా చెప్పింది. గబగబా, వరస తప్పి, మధ్యలో రెండుసార్లు వెనక్కి వెళ్లి. ఉన్ని ఉండ పెరుగుతూనే ఉంది. చివరి పోగు చేతులు వదిలాక ఆమె అట్టలు విప్పింది.

డెబొరా భూతద్దం తీసుకుంది. చదివింది. వెనక్కి తిప్పి పెన్సిలు వాక్యం చదివింది. తర్వాత భూతద్దాన్ని ఒళ్లో పెట్టుకుని ఊరుకుంది.

క్వేకర్ల ఊరుకోవడం అంటే ఏమిటో ఐవీకి తెలుసు. వాళ్ల ఆదివారాలన్నీ అలాగే గడుస్తాయి, దేవుడు పలికేదాకా ఎవరూ పలకరు. ఐవీ పెరిగింది పాటలు పాడే చర్చిలో. ఆమె కప్పులో టీ చల్లారింది. మీగడ కట్టింది. కిటికీ బయట పనిమనిషి కోళ్లని పిలిచి, గింజలు వేసి, లోపలికి వెళ్లింది.

"ఏదో ఒకటి చెప్పండి" అంది ఐవీ చివరికి.

"కాగితం ఇక్కడ వదిలి వెళ్లు."

పొయ్యిలో నిప్పు బాగా ఎర్రగా ఉంది. ఐవీ దాన్ని చూసింది, ముసలావిడ చేతిని చూసింది. నిప్పుకి మూరెడు దూరం.

"వదల్లేను. క్షమించండి."

"నన్ను నమ్మవా?"

"ఈ వారం నేనెవర్నీ నమ్మడం లేదు. నాతో సహా."

డెబొరా కాగితం చాచి ఇచ్చింది. "అయితే తీసుకెళ్లు" అంది. అంతకన్నా ఒక్క మాట రాలేదు. ఔను లేదు, కాదు లేదు. కొండ దిగుతూ ఐవీ ఒక గేటుని కాలితో తన్నింది. బొటనవేలు నొప్పెట్టింది. గేటుకి ఏమీ కాలేదు.

శుక్రవారం వ్యాన్ పదింబావుకే వచ్చేసింది, చెప్పిన టైముకన్నా ముందు. మిస్ కెర్‌ఫుట్ పొట్టి అమ్మాయి, పొడుగు రెయిన్‌కోటు. ఓవెన్ పెట్టెల మీద చీటీలు అంటిస్తున్నాడు. ప్రతి చీటీ మీదా ఒకటే అచ్చు, వింటర్‌బర్న్ వ్యాపార పత్రాలు. క్లెమ్, వ్యాన్ డ్రైవరూ చెరో పక్క పట్టుకుని మెట్లు దింపుతున్నారు.

"పంతొమ్మిది ఏది?" అన్నాడు ఓవెన్.

"ఇక్కడుంది" అంది ఐవీ. దాని పక్కనే నిలబడుంది.

"నేను చెప్పింది తీసేశారుగా?"

ఆమె పొద్దున్నే ఒక జవాబు తయారుచేసుకుంది. "నేను తియ్యలేదు. తియ్యను. మీకు కావాలంటే మీరే తీసి, మీరే కిందకి తీసుకెళ్లి, మీరే కాల్చండి. నేను చూస్తూ నిలబడతాను" అని. సగం దాకా చెప్పేసరికి మెట్ల మీద కర్ర చప్పుడైంది. ఒక్కో మెట్టుకీ రెండు దెబ్బలు, మధ్యలో ఆగడం.

ముందు డెబొరా వచ్చింది, టోపీ తడిసి ముఖానికి అంటుకుపోయింది. ఆవిడ వెనక నెల్లీ స్లీ. ఇద్దరిదీ ఒకే గొడుగు.

"అత్తయ్యా!" అన్నాడు ఓవెన్. "నడిచొచ్చావా? ఫోన్ చేస్తే కారు తెచ్చేవాణ్ణిగా!"

"టెంటర్ రో మీదుగా రావాలనుకున్నాను. నీ కారు అటు వెళ్లదు." ఆవిడ కుర్చీలో కూచుంది. కాసేపు ఊపిరి సర్దుకుంది. "ఐవీ, నిన్నటి కాగితం నెల్లీకి ఇవ్వు. చదవనీ."

ఐవీ పెట్టెలోంచి అట్టలు తీసి ఇచ్చింది. నెల్లీ చదువుతుంటే డెబొరా ఆమెనే చూస్తూ చెప్పింది, గొంతు పెంచకుండా. వాతావరణం గురించి చెప్తున్నట్టే ఉంది.

"నాన్నకి ఉత్తరాలు రాసిపెట్టేది నేను. ఆ రోజు గదిలో ఉన్నాను. వాల్టర్ ఈ కాగితం ఇచ్చి, టోపీ చేత్తో పట్టుకుని బయట నిలబడ్డాడు. నాన్న చాలాసేపు ప్రార్థన చేశాడు. తర్వాత ఒకరికే రాయగలనని ఆ వెనక రాశాడు. నెల్లీ, ఒకరికే రాయాలని ఆయనకి ఎవరూ చెప్పలేదు. అలాంటి నిబంధన లేదు. ఇద్దరి పేర్లు రాస్తే ఇద్దర్నీ కాదంటారేమోనని భయపడ్డాడు. నాకు తెలుసు. ఎడ్మండ్ ఉత్తరం నేనే ఎత్తిరాసి, ఇంకు అద్దాను. బయటికెళ్లి వాల్టర్‌తో, లేదట అని చెప్పింది కూడా నేనే."

"మా నాన్న ఏమన్నాడు?" నెల్లీ కాగితం మీంచి తల ఎత్తలేదు.

"సరే అన్నాడు. ఎడ్మండ్‌కి మంచి జరగాలన్నాడు. షెడ్డులో మూడో తొట్టి చిల్లుపడింది, చూసుకోమని చెప్పమన్నాడు."

నెల్లీ ముక్కులోంచి నవ్వులాంటి చప్పుడొకటి వచ్చింది. ఓవెన్ చేతిలోని చీటీ జిగురు వేలికి అంటుకుంది. దాన్ని వదిలించుకోబోయి రెండో చేతికి అంటించుకున్నాడు.

"ఫారం ఎవరి పేరున ఉంది ఓవెన్?"

"నీ పేరున అత్తయ్యా. కానీ నాన్న..."

"మీ నాన్నకి నేను అక్కని. ఆ పుస్తకం పెట్టెలోనే వెళ్తుంది, ఉత్తరం నకలుతో సహా. పెన్ను ఇవ్వు."

ఐవీకి మూడురోజులుగా బిగుసుకుపోయిన భుజాలు దిగాయి. మిస్ కెర్‌ఫుట్ తెల్లటి కొత్త ఫోల్డరు తెరిచి నెల్లీ ముందు పట్టుకుంది, అర్జీ అందులో పెట్టమన్నట్టు. నెల్లీ పెట్టలేదు. ఆమె బొటనవేలు కాగితం మూల, ఆ నీలం ముద్ర పక్కనే ఉంది.

"ఇది మా నాన్న రాసింది" అంది.

"అవునే. అందుకే కదా ఇంత పాటుపడ్డాను. అక్కడైతే తడి తగలదు, పురుగు పట్టదు, ఎవరైనా వచ్చి చదువుకోవచ్చు" అంది ఐవీ.

"ఎవరి కాగితాల్లో?"

ఐవీ పెట్టె మీది చీటీ చూసింది. అందరూ చూశారు.

"చీటీదేముంది నెల్లీ. అది ఈ కాగితాల్లో భాగం. విడదియ్యకూడదు. నువ్వు అర్థం చేసుకోవాలి, ఇలాంటివి..." అని ఐవీ ఆగిపోయింది. నాలుగురోజులుగా ఈ గదిలో తను విన్న ఓవెన్ గొంతే ఇది. మీరు అర్థం చేసుకోవాలి, మిస్ థక్‌రే. ఇప్పుడది తన నోట్లోంచి వస్తోంది.

"మా అమ్మ ఆయన జైలు ఉత్తరాలన్నీ చించేసింది. చుట్టుపక్కలవాళ్లు చూస్తారని" అంది నెల్లీ. "ఆయన చేతిరాత ఎలా ఉంటుందో నేను ఇవాళే చూడటం. 'మనసు' అన్న మాట తప్పు రాశాడు చూశావా? నేనూ అలాగే తప్పు రాస్తాను. బళ్లో దెబ్బలు తిన్నాను దానికి."

"చట్టప్రకారం" అంది మిస్ కెర్‌ఫుట్ మొహమాటంగా, "ఉత్తరం కాగితం ఎవరికి చేరితే వాళ్లదే. అంటే వింటర్‌బర్న్‌లది. అంటే... ఇప్పుడు మీది" అని డెబొరా వైపు చూసింది.

"నాదైతే నెల్లీకి ఇచ్చేశాను" అంది డెబొరా.

"కానీ ఊరికి తెలియాలిగా!" ఐవీ గొంతు తనకే ఎక్కువనిపించేంత పైకి లేచింది. "నువ్వు తీసుకెళ్లి సొరుగులో పెట్టుకుంటే ఎవరికి తెలుస్తుంది? ఇన్నాళ్లూ వాళ్లన్న మాటలు అలాగే ఉండిపోవూ?"

నెల్లీ కాగితాన్ని మడవలేదు. మైనపు గుడ్డ మాత్రం తీసుకుని దాని మీద చుట్టింది. నలభై ఒక్కేళ్లు ముడులు ఏరిన వేళ్లు, మూలలు సరిచూసుకుంటూ.

"నేను చెప్తాను" అంది. "యాభై రెండేళ్లు వాళ్లు నాకు చెప్పారు. ఇప్పుడు నేను చెప్తాను. దానికి ఆఫీసు దేనికి?"

ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది. డెబొరా ఫారం మీద సంతకం మొదలుపెట్టింది. ఒక్కో అక్షరానికీ ఆగుతోంది. ఓవెన్ కిటికీ దగ్గరికి వెళ్లి వీపు తిప్పి నిలబడ్డాడు. కాసేపటికి అన్నాడు, "మూడో తొట్టి. నాన్న దాని గురించి ఎప్పుడూ చెప్పేవాడు. ఎవరో ముందే చెప్పబట్టి షెడ్డు మునగలేదని. ఆ చెప్పిందెవరో మాత్రం ఎప్పుడూ అనలేదు."

ఐవీ టైపు మిషను ముందు కూచుంది. జాబితాలో పంతొమ్మిదో పెట్టె దగ్గర సగం లైను ఖాళీగా ఉంది. ఆమెకి ఒళ్లంతా అలసటగా ఉంది, కాస్త ఏడుపుగా కూడా ఉంది. గెలిచానో ఓడానో తెలీలేదు. నాలుగురోజులు తను కాపాడిన కాగితం ఆ పెట్టెలో లేదు. వేళ్లు మాత్రం అలవాటు కొద్దీ కదిలాయి. "రంగుల షెడ్డు పనివాడు వాల్టర్ స్లీ అర్జీ, 1916 మార్చి. మినహాయింపు కోసం సిఫారసు అడిగాడు. ఇవ్వలేదు. అసలు ప్రతి ఆయన కూతురి దగ్గర ఉంది, 7, టెంటర్ రో." ఒక్క తప్పు కూడా పడలేదు. కాగితం లాగి డెబొరా ముందు పెట్టింది. ఆవిడ చదివి, ఆ లైను పక్కన తన పొడి అక్షరాలు వేసింది.

కింద గేటు దగ్గర మాటలు వినిపించాయి. ఐవీ లేచి ఓవెన్ పక్కనుంచి కిటికీలోంచి చూసింది. వాన సన్నగా పడుతోంది. నెల్లీ గేటు దాటలేదు. పెట్టె వ్యాన్‌లోకి ఎక్కించి తిరిగొస్తున్న క్లెమ్‌కి అడ్డంగా నిలబడి, మైనపు గుడ్డ విప్పుతోంది. క్లెమ్ చెయ్యి చాచి, చూసుకుని, ప్యాంటుకి రెండు వైపులా తుడుచుకున్నాడు. మళ్లీ చూసుకున్నాడు. మసి పోలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని ఏదో అన్నాడు. నెల్లీ గొడుగు తెరిచి అతని చేతికి ఇచ్చింది. ఆ గొడుగు కింద కాగితాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని గట్టిగా చదవడం మొదలుపెట్టింది. అద్దంలోంచి ఆమె నోరు కదలడమే కనిపిస్తోంది. వ్యాన్ డ్రైవరు కూడా వచ్చి నిలబడ్డాడు. రోడ్డు మీద పోతున్న ఇద్దరు ఆడవాళ్లు, చేతిలో సామాన్ల బుట్టలతోనే, నడక ఆపారు.

కిటికీ గడియ పట్టేసింది. ఐవీ అరచేత్తో రెండు దెబ్బలు వేసింది, ఊడలేదు. ఓవెన్ ఒక క్షణం ఆమెని చూశాడు. జిగురు చేతులతోనే కింది చట్రం పట్టుకుని, ఆమెతో కలిసి పైకి ఎత్తాడు.